గోధుమలును షరతులును : హ్యూబర్టు హంఫ్రీ చరిత్రము

పరదేశములకు సహాయ మొనర్చుటకై అమెరికా సంయుక్తరాష్ట్రముల ప్రభుత్వము 1961వ సంవత్సరమున నెలకొల్పిన అంతర్జాతీయాభివృద్ధి సంస్థ 2025 జూలై 1వ తేదీన మూతపడెను. మిగిలిన కొలది కార్యములు ఆ దేశపు విదేశాంగశాఖ వశమాయెను. అరువదేండ్లకు పైగా లోకమున నలుమూలలకు అన్నమును, ఔషధమును, ధనమును పంపిన సంస్థ యది. మూతపడిన వార్త విని సంతసించినవారును గలరు, దుఃఖించినవారును గలరు. ఆ వాదములోనికి మేమిపుడు దిగబోము. ఇచ్చువాడు పుచ్చుకొనువానికి నీతి చెప్పవచ్చునా, చెప్పినచో ఆ నీతి యెవరి మేలునకు చెప్పవలెను అను ప్రశ్న మాత్రము సంస్థతోడ మూతపడినది కాదు. ఆ ప్రశ్నతో జీవితమంతయు పెనగులాడి, కొన్నిమారులు గెలిచి, కొన్నిమారులు తానే దోషియైన యొక పురుషుని చరిత్రమును పాఠకులకు జ్ఞప్తి చేయుట యుచితమని తలంచితిమి. ఆయన హ్యూబర్టు హొరేషియో హంఫ్రీ. మన దేశమందలి వృద్ధులలో ననేకులు 1950, 1960 దశాబ్దములలో తిన్న అమెరికా గోధుమలకును ఆయనకును సంబంధము గలదు.

హంఫ్రీ 1911 మే 27వ తేదీన దక్షిణ డకోటా రాష్ట్రమందలి వాలెస్ అను కుగ్రామమున, తండ్రి నడపుచుండిన మందుల దుకాణముపై మేడగదిలో జన్మించెను. తల్లి నార్వే దేశమున పుట్టిన యామె. బాల్యము డోలండు అను మఱియొక చిన్న యూర గడచెను. ఆ ప్రాంతమంతయు గోధుమ పండించు మెట్టభూమి. వాన కురిసిన యేడు పంట, కురియని యేడు అప్పు. 1920 దశాబ్దపు చివర పంటలధరలు పడిపోయి, ఊరి బ్యాంకులు కూలిపోగా, తండ్రి అప్పులు తీర్చుటకై తమ యింటిని అమ్మివేసెను. ఆ నాటికి కుఱ్ఱవానికి పదునాఱు పదునేడేండ్లు. ఇల్లమ్మిన దినమును ఆయన యావజ్జీవము మఱవలేదని ఆయన నెఱిగినవారందఱును వ్రాసియున్నారు. మన కృష్ణా గోదావరి మండలములలో 1930 దశాబ్దపు ధాన్యపు ధరలు చూచిన కుటుంబములవారికి ఈ సంగతి వివరింప నక్కఱలేదు.

మిన్నెసోటా విశ్వవిద్యాలయమున చదువుచుండగా ధనములేక చదువు మానవలసివచ్చెను. 1931లో కుటుంబము హ్యూరన్ పట్టణమునకు తరలెను. అతడు డెన్వరు నగరమున రెండేండ్ల ఔషధశాస్త్ర పాఠక్రమమును ఆఱు నెలలలో ముగించి, మందులిచ్చుటకు అనుమతిపత్రము సంపాదించి, తండ్రి దుకాణమున కూర్చుండెను. మనుష్యులకు మందులు, పశువులకు మందులు, రెండును అచట అమ్ముచుండిరి. అవి దుమ్ముతుపానుల దినములు. పైమన్నంతయు గాలికి లేచిపోవుచుండ, పట్టపగలు దీపములు వెలిగించుకొనవలసి వచ్చెడిది. ఆఱేండ్లు ఆ దుకాణమున గడపి, 1936లో మ్యూరియల్ బక్ అను యువతిని వివాహమాడి, మఱుసటి యేట మఱల చదువునకు పోయెను. 1939లో పట్టము పుచ్చుకొనెను. పై చదువునకై దక్షిణమున లూసియానా రాష్ట్రమునకు పోయినప్పుడు నల్లవారికి వేఱు త్రాగునీరు, వేఱు కూర్చుండుచోటు అను ఆచారమును తొలిసారి కన్నులార చూచెను. ఉత్తరపు మెట్టభూములలో పుట్టినవాడగుటచే అది యాతనికి క్రొత్త. మనకు క్రొత్త కాదు. మన యూళ్లలోని మాలమాదిగవాడల బావులను చూచినవారు ఆ యువకుని మనస్సును ఊహించుకొనగలరు.

1943లో మినియాపొలిస్ నగరాధ్యక్షపదవికి పోటీచేసి యోడిపోయెను. 1944లో ఆ రాష్ట్రమందలి డెమొక్రాటిక్ పక్షమును, రైతు కార్మిక పక్షమును ఒకటిగా జేర్చుటలో ముఖ్యుడై, 1945లో నగరాధ్యక్షుడాయెను. యూదులయెడ, నల్లవారియెడ ద్వేషమునకు అపకీర్తి గాంచిన నగరమది. ఉద్యోగములలో జాతిభేదము పాటించుట నేరమని 1947లో నగరసభచే శాసనము చేయించెను. మఱుసటి యేట జూలై 14వ తేదీన ఫిలడెల్ఫియాలో జరిగిన పక్షమహాసభలో, దేశమంతటికి పౌరహక్కుల తీర్మానము కావలెనని ముప్పదియేడేండ్ల యీ నగరాధ్యక్షుడు లేచి ప్రసంగించెను. పెద్దలు వలదనిరి, పక్షము చీలునని భయపెట్టిరి. తీర్మానము 651½ వోట్లకు 582½ వోట్లతో నెగ్గెను. మిసిసిపి ప్రతినిధులును, అలబామా ప్రతినిధులలో సగమును సభ విడిచిపోయిరి. ఆ యేటి నవంబరులో మిన్నెసోటా ప్రజలు హంఫ్రీని సెనేటుకు పంపిరి. ఇంట గెలిచి రచ్చ గెలువవలెనను మన సామెత ఆయన యెఱుగకపోవచ్చును గాని, ఆ పనిచేయుటకు యత్నించినవాడు. పరదేశములలోని హక్కులను గూర్చి ఆయన పిమ్మట మాటలాడిన మాటలకు ఏమైన బరువు గలదేని అది ఈ ఫిలడెల్ఫియా దినమునుండి వచ్చినదే.

సెనేటులో ఆయన కాలుమోపిన రెండేండ్లలోపలనే మన దేశపు ఆకలి అచట చర్చకు వచ్చెను. 1950 చివర పండిట్ నెహ్రూ ప్రభుత్వము 20 లక్షల టన్నుల ధాన్యమునకై అమెరికాను కోరెను. కొరియా యుద్ధవిషయమున మన దేశ మవలంబించిన తటస్థనీతిపై ఆగ్రహించిన సభ్యులు నెలల తరబడి బిల్లును నిలిపియుంచిరి. గోధుమలకు మాఱుగా మన ఖనిజములు కావలెనని కొందఱనిరి. మాట వినని దేశమునకు అన్నమేల అని మఱికొందఱనిరి. ఆకలిగొన్నవానిని విదేశాంగనీతి యడుగరాదని వాదించినవారిలో హంఫ్రీ యొకడు. ఎట్టకేలకు 1951 జూన్ 15వ తేదీన 19 కోట్ల డాలర్ల ఋణముగా, దానముగా గాదు, శాసనము సంతకమాయెను.

అప్పటికే ఆయన రాష్ట్రమందలి రైతులకు వేఱొక కష్టము వచ్చిపడెను. పంట మితిమీఱెను. ప్రభుత్వపు గిడ్డంగులు నిండి గోధుమలు ముక్కిపోవుచుండెను, ధరలు దిగుచుండెను. ఇచట ముక్కిపోవు ధాన్యమును అచట ఆకలిగొన్నవారికి ఏల పంపరాదు అనునది ఆయన యాలోచన. ఇందు దయయు గలదు, తన రైతుల లాభమును గలదు. రెండవదానిని ఆయన యెన్నడును దాచుకొనలేదు. ఇట్టి యాలోచనలనుండియే 1954 జూలై 10వ తేదీన అధ్యక్షుడు ఐసెన్‌హోవరు సంతకముతో 480వ పబ్లిక్ చట్టము పుట్టెను. మన దేశమున పత్రికలు చదువువారికిని, చదువనివారికిని పి.ఎల్. 480 అను పేర తెలిసినది అదియే.

దాని పద్ధతి యిట్టిది. పేదదేశము డాలర్లు చెల్లింప నక్కఱలేదు. గోధుమలకు వెలను తన నాణెముననే చెల్లింపవచ్చును. ఆ రూపాయలు మన బ్యాంకులలో అమెరికా పేర జమయగును. వానిలో కొంత అమెరికా రాయబారకార్యాలయపు ఖర్చులకు, మిక్కిలిభాగము మన ప్రభుత్వమునకే అప్పుగాను, గ్రాంటుగాను మరలివచ్చును. ఇరువదేండ్లలో ఆ సొమ్ము కొండవలె పెరిగి, తుదకు 1974లో రాయబారి మొయినిహన్ 1,664 కోట్ల రూపాయల చెక్కును మన ప్రభుత్వమున కిచ్చివేసి ఆ పద్దును చాలమట్టుకు మూసివేసెను. ఆ రూపాయలలో స్వల్పభాగముతోనే 1962 నుండి అమెరికా గ్రంథాలయములకై మన దేశభాషల పుస్తకములు కొనబడినవి. తెలుగు కావ్యములును, నవలలును వేలమైళ్ల దూరమందలి విశ్వవిద్యాలయములకు చేరుటకు ఎఱ్ఱగోధుమలు కారణమగుట వింతలలో వింత. ఆ గోధుమలతోనే వచ్చినదని పలువురు నమ్ము కలుపుమొక్క మఱియొకటి గలదు. వయ్యారిభామ యను అందమైన పేరుతో మన చేలగట్లను, బంజరులను అది యేలుచున్నది. పెఱికిన రైతుకు చేతులు దురద పెట్టును. దానిని పెఱుకుటకు ఏ శాసనసభయు ధనమీయలేదు.

బడిలో చదివిన మా పాఠకులలో కొందఱికి 1960 దశాబ్దపు గోధుమనూక ఉప్మాయు, పాలపొడియు జ్ఞప్తి యుండవచ్చును. అవియును ఆ దేశపు గిడ్డంగులనుండి వచ్చినవే.

ఆయనను పొగడుచు ఇంతవఱకు వచ్చితిమి. 1954వ సంవత్సరముననే ఆయన చేసిన మఱియొక పనిని దాచిన చరిత్రము చరిత్రము కాదు. కమ్యూనిస్టు భీతి ఆ దేశమును పట్టి పీడించుచుండిన కాలమది. ఉదారవాదులు మెత్తనివారను నింద తప్పించుకొనుటకై, కమ్యూనిస్టు పక్షమున సభ్యుడగుటయే నేరమనెడు బిల్లును హంఫ్రీ స్వయముగా సెనేటున ప్రవేశపెట్టెను. ఆగస్టులో అది కొన్ని మార్పులతో చట్టమాయెను. అభిప్రాయమును బట్టి మనుష్యుని దండింపజూచిన యా పనికి పిమ్మట ఆయన చింతించెను. అయినను ఒక్క వేసవిలో ఒకే చేతితో పరదేశీయులకు అన్నమునకై శాసనము, స్వదేశీయుల భావములకు సంకెలగా మఱియొక శాసనము నడిపిన దోషము ఆయన పేరనే నిలిచియున్నది.

1960లో అధ్యక్షపదవికై కెన్నెడీతో పోటీపడి విస్కాన్సిన్, పశ్చిమ వర్జీనియాలలో ఓడిపోయెను. అపకారము తలపెట్టక, కెన్నెడీకే సెనేటున కుడిభుజమాయెను. శాంతిదళము యొక్క తొలి బిల్లు ఆయనది. 1964లో పౌరహక్కుల బిల్లును సెనేటున నడపిన భారము ఆయనదే. దక్షిణాది సభ్యులు ప్రసంగముల మీద ప్రసంగములు చేయుచు రెండు నెలలకు పైగా సభను కదలనీయలేదు. హంఫ్రీ కోపింపక, తిట్టక, ప్రతిపక్షనాయకులను ఒక్కొక్కరిని చేరదీసి, జూన్ 10వ తేదీన 71 వోట్లకు 29 వోట్లతో ఆ ప్రసంగధారకు కట్టవేయించెను. జూలై 2వ తేదీన అది చట్టమాయెను. ఫిలడెల్ఫియాలో అడిగిన దానిని పదునాఱేండ్లకు సాధించిన వాడాయెను. ఆయన జీవితమున ఇంతకు మించిన దినము లేదని మా యభిప్రాయము.

తరువాతి భాగము వ్రాయుట కష్టము. 1965 జనవరిలో జాన్సను క్రింద ఉపాధ్యక్షుడాయెను. ఫిబ్రవరిలో వియత్నాము యుద్ధమును పెంచవలదని, ప్రజలు దానిని భరింపరని జాన్సనుకు రహస్యముగ నొక పత్రము వ్రాసెను. ఫలితముగ ఇంచుమించు ఏడాదికాలము ముఖ్యాలోచనలకు ఆయనను పిలుచుటయే మానిరి. తలుపులు మఱల తెఱచుకొనునప్పటికి హంఫ్రీ యుద్ధమును బహిరంగముగ సమర్థించువాడై యుండెను.

1966 జనవరిలో లాల్ బహదూర్ శాస్త్రిగారి అంత్యక్రియలకు అమెరికా పక్షమున ఢిల్లీకి వచ్చినవాడు హంఫ్రీయే. ఫిబ్రవరిలో మఱల వచ్చెను. వానలు లేక దేశము కరవుకోరలలో నున్న వత్సరమది. అమెరికా పండించిన గోధుమలలో ఇంచుమించు ఐదవవంతు ఆ కాలమున మన రేవులకు చేరినదందురు. ఓడ రేవునకు వచ్చిన గోధుమలు గిడ్డంగి చూడకయే నోటికి పోవుచుండెను. అట్టి తరి జాన్సను పాత యొడంబడిక గడువు తీఱినపిదప దీర్ఘకాలపు ఒప్పందము చేసికొనక, నెలకింత, రెండు నెలలకింత అని కొలిచి పంపుచుండెను. కట్టుగొయ్యకు కట్టిన యావు పలుపును కుఱుచ చేసినట్లు. వ్యవసాయమున ఎరువులకు, మేలు విత్తనములకు ధనము పెంచవలెనను షరతులలో కొన్ని మన మంత్రి సి. సుబ్రహ్మణ్యం గారు తామై చేయదలచినవే. 1965 నవంబరులో రోమునగరమున ఆయన వానికి అంగీకరించెను. ఆ సంగతి దాచుట న్యాయము కాదు. రూపాయి విలువను తగ్గింపవలెనను ఒత్తిడియు వచ్చెను; 1966 జూన్ 6వ తేదీన డాలరుకు 4 రూపాయల 76 పైసలు 7 రూపాయల 50 పైసలాయెను. జూలైలో మన ప్రధానమంత్రి ఇందిరాగాంధీ మాస్కోలో వియత్నాము బాంబుదాడుల ఖండనకు గొంతు కలుపగా, జాన్సనుకు ఆగ్రహము వచ్చెను. బీహారున పంట మాడిపోవుచున్న ఆ యేటి చివరి నెలలలో ఓడల అనుమతులు ఆలస్యమాయెను.

ఇచట పాఠకులొకటి గమనింపవలెను. అప్పుడు ఆసియాఖండమున ఎన్నికలు, పత్రికలు, న్యాయస్థానములు గల పెద్ద ప్రజారాజ్యము మనదే. షరతు విధింపబడినది ప్రజలను చెఱబెట్టినందులకు గాదు, స్వేచ్ఛగా మాటలాడినందులకు. తాను కలగన్న శాసనము ఇట్టి పలుపు అగుట హంఫ్రీ దగ్గఱనుండి చూచెను. పలుపు ఆయన చేతిలో లేదు. అయినను ఆయన దానిని గూర్చి బహిరంగముగ నోరు విప్పలేదు. ఉపాధ్యక్షపదవి అట్టిది.

1968లో జాన్సను తప్పుకొనగా, చికాగోలో పోలీసులు యువకులను చావమోదుచుండిన వారముననే పక్షము హంఫ్రీని అభ్యర్థిగా నిలిపెను. యుద్ధమునుండి తన్ను వేఱుచేసికొనుటకు సెప్టెంబరు చివరిదాక సాహసింపలేదు. నిక్సను చేతిలో ఇంచుమించు 5 లక్షల వోట్లతో ఓడిపోయెను. 1970 ఎన్నికలలో గెలిచి, 1971లో సెనేటున మఱల ఒక సామాన్యసభ్యుడై కూర్చుండెను. మఱియొకడైనచో జ్ఞాపకములు వ్రాసికొనుచు కాలక్షేపము చేసెడివాడు. ఈయన జీవితమున విదేశసహాయమును గూర్చిన ఉత్తమకార్యము ఈ యోటమికి పిమ్మటనే జరిగెను.

అప్పటికి లోకము మాఱియుండెను. అమెరికా ధనముతో నడచిన దక్షిణ వియత్నాము ప్రభుత్వము కాన్ సన్ ద్వీపమందలి చెఱసాలలో రాజకీయఖైదీలను పులిబోనులవంటి గుంటలలో ఉంచిన సంగతిని 1970లో శాసనసభ్యుల బృందముతో పోయిన టామ్ హార్కిన్ అను యువకుడు ఛాయాచిత్రములు తీసి బయటపెట్టెను. 1973 సెప్టెంబరు 11వ తేదీన చిలీ దేశమున సైన్యము ప్రజలెన్నుకొన్న ప్రభుత్వమును కూల్చి వేలకొలది మనుష్యులను బంధించెను. ఆ సైన్యమునకు అమెరికా సహాయము పోవుచునే యుండెను. ఆహారశాసనపు గతియు అంతకంటె మేలు కాలేదు. 1974 ఆర్థికసంవత్సరమున ఋణముపై పంపిన ధాన్యములో సగమునకు దగ్గఱగా దక్షిణ వియత్నామునకును, కంబోడియాకును పోయెను. ఆ ధాన్యమమ్మిన సొమ్ముతో అచటి సైన్యములు నడచెను. అదే యేడు వఱదలతో నవసిపోయిన బంగ్లాదేశము క్యూబాకు గోనెసంచులమ్మినదను కారణముచే, క్యూబాతో వర్తకము చేయువారికి ఈ శాసనము క్రింద ధాన్యము లేదను నిబంధనము చూపి, ఓడలను నిలిపిరి. బంగ్లాదేశము ఆ వర్తకము మానుకొన్న తరువాతనే ఓడలు కదలినవి. అవి చేరునప్పటికి కరవు చంపదగినవారిని చంపివేసెను. జనుము పండించు బీదదేశము గోనెసంచులమ్ముకొనుట మహాపరాధమైన దినములవి!

ఈ సంగతులు చూచిన అమెరికా శాసనసభ్యులలో కొందఱు ఒక నిశ్చయమునకు వచ్చిరి. షరతులు లేని సహాయము లోకమున లేదు. షరతును కార్యనిర్వాహకవర్గము తన యిచ్చవచ్చినట్లు పెట్టుకొనునంత కాలము అది రాజ్యతంత్రమునకే పనికివచ్చును. కావున షరతును శాసనములో వ్రాయవలెను; ఆ షరతు ముందుగ ఇచ్చువానిని బంధింపవలెను. ఈ కార్యమునకు ప్రతినిధిసభలో పునాది వేసినవాడు హంఫ్రీ పూర్వము పాలించిన మినియాపొలిస్ నగరపు ప్రతినిధి డోనాల్డు ఫ్రేజరు. 1973లో ఆయన ఉపసంఘము నెలల తరబడి సాక్ష్యములు విని, మఱుసటి యేట నివేదిక ప్రకటించెను. హార్కిన్ 1974లో ప్రతినిధిసభకు ఎన్నికయి వచ్చెను. సెనేటున విదేశసహాయపు ఉపసంఘమునకు అధ్యక్షుడు హంఫ్రీ. బిల్లు అందఱికంటె చక్కగ నడపగల చేయి ఆయనది.

1974లో చేసిన విదేశసహాయ శాసనమున, ఋణముపై పంపు ధాన్యములో 70 వంతులు ఐక్యరాజ్యసమితి అత్యంతపీడితములుగా గుర్తించిన దేశములకే పోవలెనని కట్టడి వచ్చెను. పరదేశముల పోలీసులకు శిక్షణమిచ్చు పద్ధతి మాన్పింపబడెను. చిలీకి సైనికసహాయము నిలిచెను. ఆర్థికసహాయమునకు 2 కోట్ల 50 లక్షల డాలర్ల హద్దు గీయబడెను. గోధుమలు మాత్రము ఆ హద్దుకు వెలుపలనుండుటచే చిలీ పాలకులకు చేరుచునే యుండెను. 480వ చట్టములో ఆ కన్నమును పూడ్చు నిబంధనము 1977లో గాని చేరలేదు. 1975 డిసెంబరులో హార్కిన్ పేర ప్రసిద్ధమైన 116వ సెక్షను చట్టమాయెను : ప్రజల మూలహక్కులను ఎడతెగక ఘోరముగ భంగపఱచు ప్రభుత్వమునకు అభివృద్ధిసహాయము లేదు, అయితే ఆ సహాయము నేరుగా దీనజనులకు చేరునదైనచో ఈయవచ్చును. ఈ వెసులుబాటే ఆ సెక్షనుకు ప్రాణమని మా తలంపు. పాలకుని దండింపబోయి పాలితుని పస్తుంచరాదను వివేకము అందుగలదు. 1966లో మనకును, 1974లో బంగ్లాదేశమునకును అట్టి వివేకము దక్కలేదు.

మిగిలినది సైనికసహాయము. 1974 చట్టమున 502బి అను సెక్షను చేరెను గాని, అది సభ యభిప్రాయమును తెలుపు మాటగానే యుండెను. మంత్రి కిసింజరు దానిని చదివి ప్రక్కన పెట్టెను. దేశముల వారీగా నివేదికలు కోరగా, ఏ దేశము నేరమును పేర్కొనక సామాన్యవాక్యములతో సరిపుచ్చెను. దేవుడు వరమిచ్చినను పూజారి యీయడను సామెత ఇట్టిచోట పుట్టినదే. హంఫ్రీ ఆయుధముల యమ్మకమును, సైనికసహాయమును సభయదుపులోనికి తెచ్చు పెద్దబిల్లును 1976లో నడపెను. అధ్యక్షుడు ఫోర్డు తన యధికారములలో సభ చేయిపెట్టుచున్నదని మే 7వ తేదీన దానిని నిరాకరించెను. హంఫ్రీ అలుగలేదు. కొన్నింటిని విడిచి, కొన్నింటిని నిలిపి, మఱల బిల్లు తెచ్చెను. జూన్ 30వ తేదీన ఫోర్డు సంతకము చేసెను. విడిచినదానిలో విలువైనవి గలవని కొందఱు మిత్రులు నొచ్చుకొనిరి. నిలిచినది యిది : సైనికసహాయము పొందు ప్రతిదేశమును గూర్చి విదేశాంగశాఖ ఏటేట హక్కుల నివేదిక నొసగవలెను, ఆ పనికై ఆ శాఖలో ప్రత్యేకాధికారి యుండవలెను, ఏ దేశమును గూర్చియైనను సభ వివరణమడిగినచో ముప్పది దినములలో ఈయవలెను, ఈయనిచో సహాయమాగును, సభ తీర్మానించినచో సహాయమును కోసివేయవచ్చును.

ఆ సంతకమైన దినమున మన దేశమున అత్యవసరపరిస్థితి రెండవయేటిలో నడచుచుండెను. నాయకులు చెఱసాలలలో, పత్రికలు కత్తెరక్రింద నుండెను. 1971 యుద్ధకాలముననే అమెరికా తన అభివృద్ధిసహాయమును నిలిపియుండుటచే ఆ సెక్షనులకు మనపై పట్టు లేదు. ఉన్నను అట్టి బెదరింపును మనవారు సహించెడివారని మేము తలంపము. 1977 మార్చిలో మన గ్రామములలోని నిరక్షరాస్యులు కాగితముపై ముద్రవేసి ఆ పాలనను తొలగించిరి. మన యాంధ్రప్రదేశమున మాత్రము 42 స్థానములలో 41 పాతపక్షమునకే దక్కెను. నంద్యాలలో సంజీవరెడ్డిగారొక్కరు జనతాపక్షమున గెలిచిరి. ఆ చర్చ వేఱు. పరదేశపు శాసనము స్వాతంత్ర్యమును తెచ్చి పెట్టజాలదు. తాను పంపిన తుపాకి స్వాతంత్ర్యమును చంపకుండ మాత్రము చూచుకొనగలదు. హంఫ్రీ బిల్లు ఈ రెండవ పనికే ఉద్దేశింపబడినది కావున దానిని పరరాజ్యములలో జోక్యమని త్రోసివేయుటకు మాకు మనసొప్పదు.

1977 మార్చిలో 82 దేశములను గూర్చిన తొలి బహిరంగనివేదికలు వెలువడెను. క్రొత్త అధ్యక్షుడు కార్టరు ప్రభుత్వము ఆర్జెంటీనాకును, ఉరుగ్వేకును, ఇథియోపియాకును సహాయమును తగ్గించెను. తమ్ము గూర్చి పరులు నివేదికలు వ్రాయుటయే అవమానమని బ్రెజిల్ సైనికసహాయము అక్కఱలేదని చెప్పివేసెను. మఱికొన్ని సైనికప్రభుత్వములు అదే త్రోవ త్రొక్కినవి. దక్షిణ కొరియా, ఫిలిప్పైన్సు ప్రభుత్వముల నేరములును ఆ నివేదికలలో నుండెను గాని, సైనికస్థావరములున్న చోట కత్తి ఒరనుండి వెలువడలేదు. నాటినుండి నేటివఱకు ఆ సెక్షను చరిత్ర అదే రీతిని నడచినది. ముప్పది దినములలో వివరణమడుగు నిబంధనమును బయటికి తీసి, గాజాయుద్ధమున ఇజ్రాయేలుకు పోవు ఆయుధములను గూర్చి ప్రయోగింపవలెనని సెనేటరు శాండర్సు 2024 జనవరి 16వ తేదీన తీర్మానము తేగా, సెనేటు 72 వోట్లకు 11 వోట్లతో దానిని ప్రక్కకు నెట్టెను. హంఫ్రీ జీవించియున్న ఏ వైపున వోటు చేసియుండెడివాడో ఊహించుట మాకు శక్యము కాదు. ఆయన ఆ దేశమునకు గాఢమిత్రుడు. ఆ నిబంధనమును సెనేటున నడిపినవాడును ఆయనయే.

1977 ఆగస్టులో వైద్యులు ఆయనకు నయముగాని రాచపుండని తేల్చిరి. అక్టోబరు 25వ తేదీన కృశించిన దేహముతో సెనేటునకు మరలిరాగా సభ్యులందఱు, ఆయనతో ఏనాడును ఏకీభవింపనివారు సైతము, లేచి నిలిచిరి. చెల్లాచెదరుగ నున్న విదేశసహాయశాఖలను ఒక్కగొడుగు క్రిందికి తెచ్చు బిల్లును ఆ దినములలో సిద్ధపఱచుచుండెను; దానిని ప్రవేశపెట్టు భారము మిత్రులకు మిగిలెను. మరణశయ్యనుండి పాతమిత్రులకును, పాతశత్రువులకును టెలిఫోను చేయుచుండెను. పదవి కోల్పోయి ముఖము చాటుచేసికొనియున్న నిక్సనును సైతము తన యంత్యక్రియలకు రమ్మని పిలిచెను. 1978 జనవరి 13వ తేదీన మిన్నెసోటాలోని వేవర్లీ గ్రామమున, సరస్సు ప్రక్కనున్న యింట, అఱువదియాఱవ యేట కన్నుమూసెను. నిక్సను వచ్చెను. ఆ నెలలోనే రాష్ట్రపు గవర్నరు మ్యూరియల్ హంఫ్రీని సెనేటరుగా నియమింపగా, ఆమె పోయి భర్తస్థానమున కూర్చుండెను.